నలభై ఒక్క ఇళ్ళు

రూపాదేవి నన్ను మొట్టమొదటిసారి చూసినప్పుడు నేను తుమ్ముతున్నాను. పాత రిజిస్టర్లు దులుపుతుంటే దుమ్ము ముక్కులోకి పోయి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. నాలుగోది కుడిచేతిలోకి తుమ్మి, అదే చేత్తో ఆవిడ అందిస్తున్న కాగితం పుచ్చుకోబోయాను.

కాగితం వెనక్కి వెళ్ళిపోయింది.

“ముందు చెయ్యి కడుక్కుని రండి. ఇది ఎక్కడికీ పారిపోదు,” అంది ఆవిడ.

నేను ఆ బడిలో చిన్న మనిషినేం కాదు. చోడవరంలో రెండు వందల పన్నెండు మంది పిల్లలున్న ప్రైవేటు స్కూలుకి ఆఫీసు ఇన్‌చార్జిని, కంప్యూటర్ సార్‌ని, ఆయా రాని రోజు గంట కొట్టేవాణ్ణి కూడా. శ్యాంప్రసాద్ సార్ వస్తున్నాడంటే నాలుగో తరగతి దాకా పిల్లలు చేతులు కట్టుకుంటారు. అలాంటి నన్ను వరండాలో మూడో తరగతి మొత్తం చూస్తుండగా కుళాయి దగ్గరికి పంపించింది. పంపించి ఊరుకోలేదు. వెనకే వచ్చి నిలబడి అంకెలు లెక్కపెట్టింది.

“ఏడుకే ఆపేసేరు. ఇరవై దాకా రుద్దాలండి.”

ఒళ్ళు మండింది. అయినా ఇరవై దాకా రుద్దాను. ఆవిడ ‘పదమూడు’ అన్నప్పుడు కుడిబుగ్గ మీద చిన్న సొట్ట పడింది. పద్నాలుగుకి పోయింది. మళ్ళీ వస్తుందేమోనని పందొమ్మిది దాకా చూశాను, రాలేదు.

ఆవిడ హెల్త్ సెంటర్‌లో నర్సు, ఊరు మాడుగుల. ఆ వానాకాలం ఫ్లూ గట్టిగా రావచ్చని పైనుంచి కబురొచ్చింది. చోడవరం, బుచ్చయ్యపేట చుట్టుపక్కల పద్దెనిమిది స్కూళ్ళని ఆవిడకి అప్పజెప్పారు. జ్వరాలు మొదలవకముందే బళ్ళనీ ఇళ్ళనీ సిద్ధం చెయ్యాలి. మా హెడ్మాస్టరు తవిటయ్య గారు ఆ కాగితం చదివి, అన్ని కాగితాల్లాగే దాన్నీ నా బల్ల మీదికి తోసేసి టీ తాగడానికి వెళ్ళిపోయారు.

“రాని జ్వరానికి ఇంత హడావుడి ఏటండీ?” అన్నాను, కుళాయి దగ్గర పోయిన పరువు కొంచెమైనా వెనక్కి తెచ్చుకుందామని.

“వచ్చేక చేసేది హడావుడి. రాకముందు చేస్తే దాన్ని పని అంటారు,” అంది ఆవిడ, తలెత్తకుండా ఏదో రాసుకుంటూ.

 

ఆ తర్వాత ప్రతి మంగళవారం, శుక్రవారం స్కూటీ మీద వచ్చేది. రెయిన్‌కోటు ముదురు నీలం. గేటు దాటగానే దాన్ని విదిలించి సైకిల్ స్టాండుకి తగిలించేది. ఒకరోజు ప్రేయర్‌లో నన్ను ముందుకి పిలిచి, ఈ సార్ ఎలా తుమ్ముతారో చూడండి, మనం అలా తుమ్మకూడదు అని పిల్లలకి చెప్పింది. మోచేతి మడతలోకి దగ్గడం నాచేతే చేయించింది. వారం తిరిగేసరికి నాకు ‘తుమ్ము సార్’ అని పేరు పడింది. చేతులు కట్టుకునే పిల్లలు మోచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని గుడ్‌మార్నింగ్ చెప్పడం మొదలెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు కోపం రాలేదు. మంగళవారం వస్తోందంటే సోమవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి.

మాడుగుల అనగానే హల్వా అడిగేవాళ్ళంటే తనకి ఒళ్ళుమంట అని చెప్పింది ఒకసారి. కాలేజీలో ఉన్నప్పట్నించీ అందరూ అదే అడుగుతారట. నేను జన్మలో అడగనని ఒట్టేశాను. “అంత ఒట్టు అక్కర్లేదు లెండి,” అని నవ్వింది. అంకెలు లెక్కపెట్టకుండా ఆ సొట్ట కనపడడం అదే మొదలు.

ఇక అసలు పని కార్డుల పని. పిల్లవాడికొకటి చొప్పున పసుపు అట్ట కార్డు. అందులో మూడే ప్రశ్నలు. జ్వరం వస్తే పగటిపూట బిడ్డని ఎవరు చూసుకుంటారు? పగలు ఎత్తే ఫోన్ నంబరు ఏది? ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళు, బాగా పెద్దవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పసిబిడ్డలు ఎవరైనా ఉన్నారా?

అడ్మిషన్ రిజిస్టర్‌లో ఫోన్ నంబర్లు ఉన్నాయి కదా అన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇవి ఊడ్పుల రోజులు, తల్లులంతా మళ్ళల్లో ఉంటారు, ఫోను ఇంట్లో గూట్లో ఉంటుంది. తండ్రి వైజాగ్‌లో కంపెనీ షిఫ్టులో ఉంటే ఫోను లాకర్లో ఉంటుంది. జ్వరమొచ్చిన పిల్లకి మాత్ర మింగించి బడికి పంపేస్తారు, ఇంట్లో చూసే మనిషి లేక. అందుకని ముందే ఒక మనిషిని కుదుర్చుకోవాలి, ఆ మనిషి తన నోటితో సరేననాలి.

“మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం,” అంది. “పిల్లలు నాలుగు రోజుల్లో లేచి ఆడుకుంటారు. ఇంట్లో ఆయాసం మనిషికి అంటుకుంటేనే ప్రాణం మీదికొస్తది. అలాంటి ఇళ్ళు తెలిస్తే మొదటి రోజే డాక్టరు గారిని తీసుకెళ్తాను. మందు రెండు రోజుల్లోపు పడిపోవాలండి. మీరు ఇళ్ళకి వెళ్ళి అడగాలి. బల్ల దగ్గర కూర్చుని రాయకూడదు.”

రాయనని చెప్పాను.

మొదటి రెండు వారాలు నేను తిరిగినట్టు ఎవరూ తిరిగుండరు. సాయంత్రం బడి వదలగానే బండేసుకుని రావికమతం రోడ్డు వైపు, బుచ్చయ్యపేట వైపు. బురదలో రెండుసార్లు పడ్డాను. మడిగట్టు మీద నిలబడి, నాట్లేస్తున్న ఆడవాళ్ళని కేకేసి అడిగాను. ఒకావిడ నారుకట్ట చేత్తో పట్టుకునే, “మా ఆడపడుచు సూస్తది, రాసుకో బాబూ,” అని అరిచింది. శుక్రవారం ఆ మాటలన్నీ రూపాదేవికి అభినయించి చూపిస్తే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నూట డెబ్భై ఒక్క కార్డులు అలా నిండాయి. అవి నిజంగా నేను తిరిగి నింపినవే. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పుకున్నా ప్రయోజనం లేదు.

నలభై ఒకటి మిగిలాయి. తలుపు తాళం వేసున్న ఇళ్ళు, కార్డు పంపితే ఖాళీగా తిరిగొచ్చిన ఇళ్ళు, దూరం ఇళ్ళు. ఆ శుక్రవారం వెళ్తూ వెళ్తూ ఆవిడ అంది, సోమవారానికి మొత్తం అయిపోతే పద్దెనిమిది స్కూళ్ళలో మాదే మొదటిదని, ఫైలు డాక్టరు గారికి తనే చూపిస్తుందని. అని, రెయిన్‌కోటు తొడుక్కుంటూ, “మీరు చేసేస్తారు. నాకు తెలుసు,” అంది.

ఆ మాట నన్ను పాడు చేసింది అంటే అబద్ధం. నన్ను నేనే పాడు చేసుకున్నాను.

శనివారం ఒకటే వాన. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నాను. అడ్మిషన్ రిజిస్టర్ ముందు ఉంది. మా ఆఫీసుల్లో పని చేసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. మరుగుదొడ్ల లెక్కా, పిల్లల బరువుల పట్టికా, తల్లిదండ్రుల కమిటీ మీటింగు సంతకాలూ, అన్నీ కుర్చీలో కూర్చునే పుడతాయి. అయిదేళ్ళుగా నేనే పుట్టించాను. ఒక్క కాగితం వల్ల ఒక్క మనిషికి హాని జరగలేదు. ఇదీ అలాంటి కాగితమే అనుకున్నాను. మూడు రకాల పెన్నులు తీశాను. అక్షరాలు అటూ ఇటూ వంచాను. సంతకం రానివాళ్ళకి స్టాంపు ప్యాడ్ మీద నా ఎడమ బొటనవేలు అద్ది ముద్రలు వేశాను, ఒకసారి నిలువుగా, ఒకసారి ఏటవాలుగా. మూడో ప్రశ్నకి అన్నిట్లోనూ ‘లేరు’ అని రాశాను. రెండు గంటల్లో అయిపోయింది.

అందులో ఒకటి నాలుగో తరగతి రోజాది. అమ్మా నాన్నా వైజాగ్‌లో కంపెనీ పని. పిల్ల నాయనమ్మ సన్యాసమ్మ దగ్గర ఉంటుంది. సన్యాసమ్మ పొద్దున్నే మనవరాల్ని బడిలో దింపి బజార్లో ఆకుకూరలు అమ్ముకుంటుంది. గేటు దగ్గర స్తంభం పట్టుకుని కాసేపు నిలబడి అలుపు తీర్చుకోవడం రోజూ చూసేవాణ్ణి. ముసలావిడ కదా అనుకునేవాణ్ణి. ఇల్లు బడికి రెండు వీధులు. అక్కడికి కూడా వెళ్ళలేదు నేను.

సోమవారం రెండు వందల పన్నెండు కార్డులు కట్ట కట్టి ఇచ్చాను. ఆవిడ అన్నీ తిరగేసింది. ఆ ముఖం వెలిగిన తీరు చూస్తే నేను గొప్పవాణ్ణని నాకే అనిపించింది, చూడండి నా సిగ్గులేనితనం. నా బొటనవేలు చూసి, ఆ రంగేటని అడిగింది. ప్రోగ్రెస్ కార్డులకి స్టాంపులు వేశానని చెప్పాను.

ఆ సాయంత్రం ఆవిడ స్కూటీ మొరాయించింది. బస్టాండు దాకా నడుద్దామంది. ఒకే గొడుగు. చిరుజల్లు, ఆవిడ ఎడమ భుజం తడుస్తోంది, నా కుడి భుజం తడుస్తోంది, మధ్యలో జానెడు చోటు మాత్రం పొడిగా ఉంది. మాడుగుల బస్సు ఇంకా రాలేదు. బస్టాండు చూరు కింద నిలబడి, గొడుగు ముడుస్తూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

“మిగతా స్కూళ్ళ వాళ్ళు సగం సగం కార్డులు పట్టుకొచ్చేరండి. చూడగానే తెలిసిపోతంది, ఒక్క చేత్తో కూర్చుని రాసేసినవి. మీవి మాత్రం... మా ఆడపడుచు చూస్తదని ఆవిడ అన్నమాట అన్నట్టే రాసేరు. నేను కొన్ని రెండేసిసార్లు చదివేను.”

బస్సు వస్తోందేమోనని నేను రోడ్డు వైపు చూశాను.

“మా అమ్మకి మీ గురించి చెప్పేను,” అంది. “నాన్న పోయిన కాణ్ణించి అమ్మకి ఒకటే భయం, ఎవడి మాట నమ్మి పిల్లనివ్వాలని. ఇతని మాట నమ్మొచ్చమ్మా అన్నాను. తప్పా?”

ఈ మాట కోసం నెలన్నరగా చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాను. నేనే ముందు చెబుదామని అద్దం ముందు నాలుగు రకాలుగా పాఠం కూడా చదివాను.  అక్కడే, ఆ చూరు కిందే, నలభై ఒక్కటి నేను కూర్చుని రాసినవేనండీ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. తిట్టేది. బహుశా వారం మాట్లాడేది కాదు. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం.

“తప్పు కాదు,” అన్నాను.

బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. ఆ నెల మొత్తం నేను నేల మీద లేను. రాత్రీ పగలూ ఫోన్లో కబుర్లు. ఆగస్టు మూడో ఆదివారం వాళ్ళమ్మ నూకరత్నం గారు మా ఇంటికి రావడానికి కూడా మాట అయింది.

ఫ్లూ ఆ ఆదివారానికి ఆరు రోజుల ముందు, సోమవారం వచ్చింది.

పొద్దున ప్రేయర్‌కే తొమ్మిది మంది ముక్కులు చీదుతున్నారు. పదకొండింటికి రోజా బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. కార్డులో నేను రాసిన నంబరుకి చేశాను, అది తండ్రిది. మోగి మోగి ఆగిపోయింది. లాకర్లో ఉంటుందని రూపాదేవి చెప్పింది గుర్తొచ్చింది. పిల్లని బండి మీద కూర్చోబెట్టుకుని నేనే ఇంటికి తీసుకెళ్ళాను.

సన్యాసమ్మ అప్పుడే బజారు నుంచి వచ్చింది. మనవరాల్ని పొట్టకి హత్తుకుని చాప మీద పడుకోబెట్టింది. నాకు మంచినీళ్ళిచ్చింది. ఆ గ్లాసు అందుకుంటుంటే కిటికీ గూట్లో చూశాను. ఆయాసం వస్తే నోట్లో పెట్టి పీల్చుకునే నీలం రంగు గొట్టం. పక్కనే అలాంటివే రెండు ఖాళీవి.

“ఇది ఎవరిదండీ?” అన్నాను, తెలిసే.

“నాదే బాబూ. వానాకాలం వొస్తే పేనం తీసెస్తది ఈ ఆయాసం,” అంది సన్యాసమ్మ నవ్వుతూ.

బయటికొచ్చి బండి స్టార్ట్ చెయ్యలేక కాసేపు నిలబడ్డాను. ఫోన్ మోగింది. రూపాదేవి. పొద్దున్నించీ తిండి లేదట, గొంతు బొంగురుపోయి ఉంది.

“రోజాని ఇంటికి పంపేరట కదా. వాళ్ళింట్లో ఆయాసం వాళ్ళెవరూ లేరు, అవునా? కార్డులో లేరనే ఉంది. అందుకే వాళ్ళని తర్వాత చూద్దామని పక్కన పెట్టేను. బుచ్చయ్యపేట వైపు ఇళ్ళు చాలా ఉన్నాయి.”

అడిగింది. నన్ను నోరు తెరిచి అడిగింది.

“కార్డులో ఎలా ఉంటే అలాగే,” అన్నాను.

“సరే మరి. మీరు జాగ్రత్త. ఆదివారం మీరు పడుకుంటే కుదరదు,” అంది. ఆ అలసటలోనే నవ్వింది.

రేపు చెప్దామనుకున్నాను. రేపటికి ఏదో ఒక వంక దొరుకుతుంది, ముసలావిడ నాకు తప్పు చెప్పిందనో, రాయడంలో పొరపాటనో. మంగళవారం వాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళాను. సన్యాసమ్మ అరుగు మీద కూర్చుని పిల్లకి గంజి పడుతోంది, బాగానే ఉంది. అలా కనపడడమే నాకు చాలింది, వెనక్కి వచ్చేశాను. బుధవారం ముప్ఫై నాలుగు మంది పిల్లలు రాలేదు. నాకు పని చాలా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. మందు పడాల్సిన రెండు రోజులూ అలా గడిచిపోయాయి. వాటిని గడిపింది నేనే.

గురువారం ఎనిమిదింటికి రోజా గేటు దగ్గర నిలబడి ఉంది. జ్వరం తగ్గింది, ముఖం పీక్కుపోయింది. బ్యాగు లేదు.

“నాయనమ్మ మాటాడతం లేదు సార్. కూకునే ఉంది,” అంది.

పరిగెత్తాను. సన్యాసమ్మ గోడకి చేరబడి కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. గాలి కోసం భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. 108కి చేశాను. తర్వాత రూపాదేవికి చేసి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. ఈవిడకి ఆయాసం, సోమవారమే చూశాను, మీరు ఫోన్ చేసినప్పుడు వీళ్ళింటి ముందే ఉన్నాను, ఆ కార్డు నేను రాసిందే, నలభై ఒకటి నేనే రాశాను.

అంతా వింది. తర్వాత అడిగింది, “దగ్గు ఎప్పట్నించి?” గొంతు నర్సుది. నాకు తెలిసిన మనిషిది కాదు.

అంబులెన్సుతో పాటే వచ్చింది. ముసలావిడ ముఖానికి మాస్కు పెట్టింది, చెయ్యి పట్టుకుంది, రోజాని పక్కింటావిడకి అప్పజెప్పింది. నన్ను పక్కకి జరగమంది. ఆ ఒక్క మాటే అంది నాతో. సన్యాసమ్మని అనకాపల్లి తీసుకెళ్ళారు, అక్కణ్ణించి వైజాగ్. పందొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. బతికింది. ఆ పందొమ్మిది రోజులూ నేను ఏ దేవుణ్ణీ వదల్లేదు.

ఆ సాయంత్రమే రూపాదేవి బడికి వచ్చింది. తన దగ్గరున్న కట్టలోంచి నలభై ఒకటీ ఏరి ఇమ్మంది. ఏరాను. నాకు వెతకాల్సిన పనిలేదు. ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టుకుని చూసింది.

“ఈ వేలిముద్రలన్నీ ఎవరివి?”

“నావే.”

“నేను ఇవి కూడా రెండేసిసార్లు చదివేను,” అంది. అప్పుడు ఏడ్చింది. ముఖం తిప్పుకోలేదు, తుడుచుకోలేదు. “శ్యాం గారూ, శనివారం మీరు బద్ధకించేరు, అది ఎవరైనా చేస్తారు. బస్టాండులో మీరు చెప్పలేదు, అదీ పోనివ్వండి, మీరు చెప్పే వీల్లేకుండా నేనే మాట్లాడేనేమో. సోమవారం నేను ఫోన్ చేసి అడిగేను కదండీ. ముసలావిడ ఇంటి ముందే నిలబడి ఉన్నారు మీరు.”

 ఆదివారం ఎవరూ రాలేదు.

కొత్తగా మళ్ళీ నింపేసి పాతవి చించెయ్యమన్నారు తవిటయ్య గారు. పాత సంగతి ఎవరికీ చెప్పొద్దని, బడి పేరు పోతుందని కూడా అన్నారు. నేను మర్నాటి నుంచి నలభై ఒక్క ఇళ్ళకీ వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ ముందు చేసిన పని చెప్పి, ఆ తర్వాతే అడిగాను. ఒకాయన కర్ర తీశాడు. నాకది హాయిగా ఉంది. చాలామంది మాత్రం నవ్వేశారు. “అందరూ అలాగే రాస్తారు కదా బాబూ, దానికి ఇంత దూరం రావాలేటి?” అన్నారు. దానికే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ఇళ్ళలో తొమ్మిదింట్లో ‘లేరు’ అని నేను రాసిన మనుషులు ఉన్నారు. ఒక ఇంట్లో ఏడో నెల గర్భిణి, జ్వరంతో ఉన్న కొడుకు పక్కనే పడుకుని ఉంది. హెల్త్ సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పాను. గంటలో రూపాదేవి వచ్చింది, మందు ఆ పూటే పడింది. మేమిద్దరం ఆ ఇంటి వాకిట్లో ఎదురుపడ్డాం. తలొంచుకుని పక్కకి తప్పుకున్నాను.

నలభై ఒకటో ఇల్లు సన్యాసమ్మది. హాస్పిటల్ నుంచి వచ్చాక వెళ్ళాను. కొడుకు, కోడలు సామాను సర్దుతున్నారు, ముసలావిడనీ పిల్లనీ వైజాగ్ తీసుకెళ్ళిపోతారట. సన్యాసమ్మ నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. ఈ బాబే నన్ను బతికించేడని కోడలికి చెప్పింది. నేను చాప మీద కూర్చుని, బతికించలేదని, ఏం చేశానో మొత్తం చెప్పాను. కొడుకు వింటున్నాడు, చేతిలో బకెట్టు అలాగే ఉంది.



“నన్నడిగుంటే ఒక్క మాటతో సెప్పీదాన్ని కదు బాబూ,” అంది సన్యాసమ్మ.

రోజా టీసీ నేనే టైప్ చేశాను. అది తీసుకుంటూ ఆ పిల్ల మోచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని టాటా చెప్పింది. తలుపేసుకుని కాసేపు కూర్చున్నాను.

నవంబరులో నూకరత్నం గారి నుంచి ఫోన్ వచ్చింది. ఒకసారి మాడుగుల రమ్మన్నారు. అల్పపీడనం, మూడు రోజులుగా వదలని వాన. నా దగ్గర ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నాను, ఇస్త్రీ చెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

చిన్న పెంకుటిల్లు. రూపాదేవి లోపలి గుమ్మంలో నిలబడి ఉంది, బాగా చిక్కింది. కళ్ళు కలిసినప్పుడు తిప్పుకోలేదు. అంతకే నాకు ప్రాణం లేచొచ్చింది. నూకరత్నం గారు జంతికలు పెట్టి, టీ ఇచ్చి, డొంకతిరుగుడు లేకుండా మాట్లాడారు.

“ఇదిగో బాబూ, నాకు మొత్తం తెలుసు. నువ్వు సేసింది మామూలు తప్పు కాదు. కానీ నలభై గుమ్మాలెక్కి ఒప్పుకున్నోడు ఈ సుట్టుపక్కల లేడు. మూడు నెలల్నించీ ఇదీ నిద్దరోడం లేదు. తల్లిగా నాకేం అడ్డం లేదు. ఇంక మీరూ మీరూ సూసుకోండి,” అని, కూతురి వైపు తిరిగి, “ఒసే, కోపం ఎక్కడో ఓ కాడ ఆపాలే,” అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇంతకన్నా ఏ అల్లుడికి ఏం దీవెన దొరుకుతుంది? 

రూపాదేవి వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. వాన గురించి రెండు మాటలు అంది. సన్యాసమ్మ ఎలా ఉందో చెప్పింది, వాళ్ళ కోడలితో ఫోన్లో మాట్లాడుతూ ఉంటుందట. తర్వాత నా చొక్కా చూసి కొంచెం నవ్వింది, కుడిబుగ్గ మీద సొట్ట పడింది.

“ఇంత వానలో తడవలేదే. ఎలా వచ్చేరు?” అంది.

“బస్సులో.”

ఆవిడ కళ్ళు నా భుజం మీదుగా గేటు వైపు వెళ్ళాయి. అక్కడ బండి ఉందేమో చూసి, తిరిగి వచ్చాయి. రెప్పపాటు. కావాలని చెయ్యలేదు. నేను చూశాననీ, చూసింది తనకి తెలిసిందనీ ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సొట్ట పోయింది.



“చూసేరా?” అంది మెల్లిగా. “నాకు కోపం ఎప్పుడో పోయిందండి. అమ్మకి కోపమనిపిస్తంది గానీ, అది కాదు. మీరంటే ఇష్టం ఎక్కడికీ పోలేదు. మీరు తిన్నానంటే తిన్నారో లేదో, వస్తన్నానంటే బయల్దేరేరో లేదో, నా కళ్ళు వెళ్ళి వెతుక్కుంటాయి. నేను ఆపలేను. జీవితమంతా మిమ్మల్ని అలా చూడమంటారా?”

మారిపోయానని చెప్పబోయాను. నలభై ఒక్క ఇళ్ళ తర్వాత ఒక్క అబద్ధం ఆడలేదని చెప్పబోయాను. అదీ నా నోటి మాటే కదా, నమ్మడానికి ఆవిడ మళ్ళీ ఎటు వైపు చూడాలి? లేచి, గ్లాసు కింద పెట్టి, వెళ్ళొస్తానన్నాను. నూకరత్నం గారు వంటింట్లోంచి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రూపాదేవి గేటు దాకా వచ్చింది. వాళ్ళ ఇల్లు రోడ్డు మీదే. వానలో తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. పావుగంటకి చోడవరం బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూశాను. చెయ్యి ఎత్తింది, ఊపలేదు. పొద్దున కూడా నేను నిజంగా ఈ బస్సులోనే వచ్చాను.